చింతపిక్కల సెలూన్: పాత సిమ్యులేషన్లను మళ్ళీ నడిపిస్తున్న డైరీ

అక్టోబరు 4, శనివారం

మా మారిస్‌విల్ ఇంటి నుంచి రాలీ అరగంట కూడా ఉండదు. అక్కడి నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో కంప్యూటర్ సిమ్యులేషన్ ఆర్కైవ్ అని ఒక సేకరణ ఉంది. ఈ విద్యకు పునాది వేసినవాళ్ళ కాగితాలు, ఉత్తరాలు, పాత మాన్యువళ్ళు ఒకచోట చేర్చి పెట్టారు. అలాన్ ప్రిట్స్కర్, రాబర్ట్ సార్జెంట్ లాంటి వాళ్ళ పెట్టెలు ఉన్నాయి. తొలితరం వాళ్ళతో తీసిన వీడియో ఇంటర్వ్యూలూ ఉన్నాయి. పగలంతా నేను చేసే ఉద్యోగమూ సిమ్యులేషనే. గోదాముకి రోజుకి ఇన్ని లారీలొస్తే ఎన్ని డాకులు కావాలి, ఎంతమంది మనుషులు కావాలి అని కంప్యూటర్లో ఆడించి చూసి చెప్పడం. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఆ లైబ్రరీ గడప తొక్కలేదు. పక్కవీధి గుడికి ఎవరూ వెళ్ళరు, తిరుపతికి మాత్రం రైలెక్కుతారు.

పోయిన వారం ఆఫీసులో ఒక తలనొప్పి వచ్చింది. మూడేళ్ళ క్రితం మేమే కట్టిన మోడల్‌ని మళ్ళీ నడిపితే పాత రిపోర్టులో ఉన్న అంకె రాలేదు. కోడ్ అదే, డేటా అదే. రెండు రోజులు తవ్వితే తేలిందేంటంటే, మధ్యలో సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారింది. ఒకే నిమిషానికి రెండు సంఘటనలు పడితే ఏది ముందు అన్న వరస అందులో మారింది. తప్పు మాదే, ఏ వెర్షన్‌లో నడిపామో ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

మూడేళ్ళ నాటిదానికే ఇంత ఉంటే, అరవై డెబ్భై ఏళ్ళ నాటివి ఇప్పుడు మళ్ళీ నడుస్తాయా? ఆ ప్రశ్న మీదే ఈ ప్రాజెక్టు. మొదట చేత్తో, తర్వాత సొంతంగా రాసుకున్న చిన్న ప్రోగ్రామ్‌తో. రెండూ ఒకే జవాబు ఇవ్వాలి. నోటుబుక్కు కొన్నాను, గళ్ళది.

అక్టోబరు 5, ఆదివారం

మొదటి పని ర్యాండమ్ అంకెలు. అంటే తర్వాత ఏది వస్తుందో ఊహించలేని అంకెలు. అవి లేకపోతే ఇలాంటి సిమ్యులేషన్ కదలదు.

1946లో గణిత శాస్త్రజ్ఞుడు స్టానిస్లావ్ ఉలామ్ జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుకుంటున్నాడు. ఆట పండే అవకాశం ఎంత అని సూత్రాలతో లెక్కకట్టబోయి, ఆ తంటా కంటే వంద ఆటలు ఆడి ఎన్ని పండాయో ఎంచుకోవడమే సుఖం అనిపించింది ఆయనకి. ర్యాండమ్ అంకెలతో చాలాసార్లు ఆడించి జవాబు అంచనా కట్టే మోంటే కార్లో పద్ధతికి మొలక అదే. 1947 మార్చిలో ఇంకో గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలోని రాబర్ట్ రిక్ట్‌మయర్‌కి రాసిన ఉత్తరంలో న్యూట్రాన్ల ప్రయాణాన్ని ఆ దారిలో ఎలా లెక్కకట్టాలో దాదాపు ప్రోగ్రామ్‌లాగే రాసి పంపాడు. 1948లో అది ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద నడిచింది. ఆ కోడింగ్‌లో పెద్ద చెయ్యి వాన్ నాయ్‌మన్ భార్య క్లారాది. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఆవిడ పేరు మింగేస్తారు కాబట్టి నా నోటుబుక్కులో మొదటి పేజీ మీద ఆవిడ పేరే రాసుకున్నాను.

అంకెల కోసం వాన్ నాయ్‌మన్ వాడిన ఉపాయం ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగేది. నాలుగంకెల సంఖ్య తీసుకో, దాన్ని దానితోనే గుణించు, వచ్చిన ఎనిమిది అంకెల్లో మధ్య నాలుగు తీసుకో. అదే కొత్త సంఖ్య. మళ్ళీ అదే పని.

ఉలామ్ గౌరవార్థం 1946తో మొదలుపెట్టాను. 1946ని 1946తో గుణిస్తే 3786916. ముందు సున్నా పెడితే 03786916. మధ్యలో 7869. దాన్ని గుణిస్తే 61921161, మధ్యలో 9211. తర్వాత 8425, 9806, 1576... కాల్‌క్యులేటర్ ముట్టకూడదని నియమం పెట్టుకుని ఇరవై దాకా లాగాను. తొమ్మిదోది 0129 రాగానే భయమేసింది, చిన్న సంఖ్య పడితే సున్నాల్లోకి జారిపోతుందని. 0166, 0275, 0756 అని కుంటుకుంటూ వెళ్ళి 5715 దగ్గర మళ్ళీ లేచింది.

ముప్ఫై దాటాక పట్టుబడింది. 1300, 6900, 6100, 2100, 4100, 8100, మళ్ళీ 6100! 34వ సంఖ్య నుంచి ఆ నాలుగే గానుగెద్దులా తిరుగుతున్నాయి. ఇక బయటికి రావు. కొన్ని సంఖ్యలైతే తిరగడం కూడా ఉండదు. 3792ని దానితోనే గుణిస్తే 14379264, మధ్యలో మళ్ళీ 3792.

ఇది వాన్ నాయ్‌మన్‌కి తెలియక కాదు. అప్పటి యంత్రంలో ఎక్కువ అంకెలు పట్టేవి కాబట్టి ఇంత తొందరగా చచ్చేది కాదు. లాస్ అలమోస్‌లోనే పనిచేసిన నికొలస్ మెట్రోపొలిస్ 38 బిట్ల సంఖ్యలతో చేసి చూస్తే దాదాపు 7,50,000 దాకా లాగిందట. అంతకంటే ముఖ్యం, ఈ పద్ధతిలో మొదటి సంఖ్య ఒక్కటి రాసిపెట్టుకుంటే చాలు, మొత్తం వరసని మళ్ళీ పుట్టించవచ్చు. లెక్క తప్పిందేమో సరిచూసుకోవచ్చు. పాచికలేస్తే ఆ సౌకర్యం లేదు.

అక్టోబరు 10, శుక్రవారం

సెలవు పెట్టి లైబ్రరీకి వెళ్ళాను. ముందే చెప్పి పెట్టుకోవాలి, పెట్టెలు తెచ్చి పెడతారు. పెన్ను బయటే పెట్టేయాలి, పెన్సిలే లోపలికి. ఒకసారికి ఒక పెట్టె, అందులో ఒక ఫోల్డరు. చదివాక ఏ వరసలో ఉందో ఆ వరసలోనే తిరిగి పెట్టాలి. క్యూలు, వరసలు అధ్యయనం చేసినవాళ్ళ కాగితాలకి ఆ నియమం బాగానే కుదిరింది.

ఫోటోలు తీసుకోవచ్చన్నారు గానీ ఇంటికొచ్చి చూస్తే సగం ఫోటోల్లో కాగితం మీద నా తలకాయ నీడ. నా తెలివే. మళ్ళీ వెళ్ళాలి.

అక్టోబరు 12, ఆదివారం

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

అమ్మ ఒంగోలు నుంచి వచ్చి రెండు నెలలైంది. నవంబరు చివర్లో వెళ్ళిపోతుంది. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో చేసింది, అందులో సగం క్యాష్ కౌంటర్లోనే. ఉదయం డైనింగ్ టేబుల్ మీద చార్టు పేపర్ పరిచి కుర్చీ బొమ్మ గీస్తుంటే వచ్చి నిలబడింది.

"ఏంట్రా నాన్నా ఇది?"

"సెలూనమ్మా. ఒకటే కుర్చీ, ఒక్కడే జుట్టు కత్తిరించేది. కస్టమర్లు వస్తుంటారు. ఎవరు ఎంతసేపు ఆగాలో చూడాలి."

"కస్టమర్లేరి?"

అదే లేదు. వంటింట్లోకి వెళ్ళి గింజ తీయని చింతపండు ఒలిచిన గిన్నె తెచ్చింది. మనవరాలితో వామనగుంటలు ఆడటానికి కడిగి ఆరబెట్టి దాచిన చింతపిక్కలు. "ఇవిగో, నీ కస్టమర్లు" అని పోసింది. ర్యాండమ్ అంకెల్లో మొదటి సంఖ్యని మావాళ్ళు సీడ్ అంటారు, అంటే గింజే. ఈ జోకు అమ్మకి చెబితే నవ్వలేదు.

సెలూన్ కథ ఈ రంగంలో పాత పాఠం. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ జీపీఎస్‌ఎస్ అనే భాషని బయటికి తెచ్చాడు. అందులో ప్రోగ్రామ్ రాయడమంటే బ్లాకులు వరసగా పేర్చడం. కస్టమర్‌ని పుట్టించడానికి జెనరేట్, క్యూలో చేరడానికి క్యూ, కుర్చీ పట్టుకోవడానికి సీజ్, క్యూ వదలడానికి డిపార్ట్, కత్తిరింపు పూర్తయ్యేదాకా గడియారం నడపడానికి అడ్వాన్స్, కుర్చీ వదలడానికి రిలీజ్, బయటికి వెళ్ళిపోవడానికి టెర్మినేట్. ఏడు బ్లాకులతో సెలూన్ మొత్తం అయిపోయింది. కంప్యూటర్ రాని ఇంజనీరు కూడా గంటలో నేర్చుకునేలా ఉండటం దాని గొప్పతనం. 1967లో న్యూయార్క్‌లో జీపీఎస్‌ఎస్ వాడేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సమావేశమే తర్వాత వింటర్ సిమ్యులేషన్ కాన్ఫరెన్స్‌గా పెరిగింది.

నేను పెట్టుకున్న లెక్క ఇది. కస్టమర్‌కీ కస్టమర్‌కీ మధ్య 12 నుంచి 24 నిమిషాలు, కత్తిరింపుకి 12 నుంచి 20. అంకెలన్నీ 1946 నుంచి పుట్టిన వరసలోంచే, ఏ క్షణంలో అవసరమైతే ఆ క్షణంలో తర్వాతిది తీసుకోవాలి. రాకకైతే ఆ సంఖ్యని 13తో గుణించి పదివేలతో భాగించి, దశాంశం కొట్టేసి, 12 కలపాలి. కత్తిరింపుకైతే 13 బదులు 9. పాప గడియారం. టైము గట్టిగా చదవడం దాని పని. అమ్మ కుర్చీ. నేను అంకెలు.

మొదటి అంకె 7869. అంటే 22 నిమిషాలు. పాప "ఇరవై రెండు!" అంది. మొదటి చింతపిక్క కుర్చీలో కూర్చుంది. అప్పుడే తర్వాతివాడి రాకకి 9211 తీస్తే 23, అంటే 45కి వస్తాడు. కత్తిరింపుకి 8425, అంటే 19, 41కి లేస్తాడు. గడియారం 22 నుంచి నేరుగా 41కి దూకింది. మధ్యలో నిమిషాలు ఎందుకు చదవకూడదని పాప గొడవ. ఆ మధ్యలో ఏమీ జరగదు కదా, జరిగేచోటికే దూకుతామని చెప్పాను. ఈ రకం సిమ్యులేషన్‌కి ప్రాణం ఆ దూకుడే.

45, 69, 87, 108. నాలుగు చింతపిక్కలు ఎవరూ ఆగకుండా వచ్చి వెళ్ళాయి. ఐదోవాడు 108కి కూర్చున్నాడు. ఇక్కడే ఆ చిన్న అంకెలు, 0166, 0275, వరసగా పడ్డాయి. ఆరోవాడి రాక 12 నిమిషాల తర్వాత, 120కి. ఐదోవాడి కత్తిరింపు 12 నిమిషాలు, 120కి.

పాప "నూట ఇరవై" అంది. నేను ఒక చేత్తో ఆరో పిక్కని లోపలికి తెస్తున్నాను, అమ్మ ఐదో పిక్కని బయటికి తోస్తోంది. రెండు చేతులూ గుమ్మం దగ్గర తగులుకున్నాయి.

"ఉండరా. లేచేవాడు ముందా, వచ్చేవాడు ముందా?"

ఆఫీసులో రెండు రోజులు నన్ను తిప్పలు పెట్టిన ప్రశ్న ఇదే. అమ్మకి పది నిమిషాల్లో దొరికింది.

ఇక్కడ ఆగి ఆలోచిస్తే, క్యూ ఉన్న సెలూన్‌లో పెద్ద తేడా రాదు. ఎవరు ముందైనా ఆరోవాడు 120కే కూర్చుంటాడు, సున్నా నిమిషాలు ఆగుతాడు. "ఆగాడు" అని లెక్కరాయాలా వద్దా అన్నదొక్కటే గొడవ. రాయలేదు. ముందుకు వెళ్ళాం.

ఏడోవాడు 132కి వచ్చేసరికి కుర్చీ 137 దాకా ఖాళీ లేదు. మొదటిసారి ఒక పిక్క గుమ్మం పక్కన కూర్చుంది. ఐదు నిమిషాలు ఆగాడు. తర్వాత 3, 3, ఒకడికి సున్నా, తర్వాత 6, 3, 3. మధ్యాహ్నం వడియాలు వేయించుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాం. పదిహేడోవాడు 302కి వచ్చి 7 నిమిషాలు ఆగాడు. అందరికంటే ఎక్కువ. మొదటి 19 మందిలో 10 మంది ఆగారు, మొత్తం 36 నిమిషాలు.

ఆ తర్వాత సెలూన్‌కి దెయ్యం పట్టింది. 302 దగ్గరే అంకెల వరస ఆ నాలుగింటి గానుగలో పడింది. ఇరవయ్యోవాడి నుంచి చూస్తే 17 నిమిషాలకొకడు, 19 నిమిషాలకొకడు, మళ్ళీ 17, మళ్ళీ 19. ఒకడి జుట్టుకి 19 నిమిషాలు, పక్కవాడికి 13. ఒకడు ఆగడు, తర్వాతివాడు కచ్చితంగా 2 నిమిషాలు ఆగుతాడు. పాప తర్వాతి టైము నేను చెప్పకముందే చెప్పేస్తోంది. ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు పూర్తయ్యేసరికి 26 మంది వచ్చారు. మొత్తం ఆగిన సమయం 42 నిమిషాలు. చివరివాడు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

"వాణ్ణి లేపెయ్యకు. గేటు వేసేసినా లోపలున్నవాళ్ళకి డబ్బిచ్చే పంపేవాళ్ళం" అంది అమ్మ.

480 దగ్గర ఆపేస్తే వాడి కత్తిరింపు లెక్కలోకి రాదు, 484 దాకా నడిపితే వస్తుంది. ఆపడం ఎప్పుడో కూడా రాసిపెట్టాల్సిన విషయమే. నోటుబుక్కులో మూడో గడి చేర్చాను. సీడ్, తగువు తీర్చే నియమం, ఆపే నియమం.

అక్టోబరు 18, శనివారం

120 నన్ను వదల్లేదు. సెలూన్‌లో ఆగే కుర్చీలు తీసేశాను. కుర్చీ ఖాళీ లేకపోతే వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోతాడు. ఇప్పుడు అదే వరసతో రెండుసార్లు నడిపాను.

లేచేవాడు ముందనుకుంటే, 120కి ఆరోవాడు కూర్చుంటాడు. 132కి వచ్చిన ఏడోవాడు వెనక్కి వెళ్ళిపోతాడు. వచ్చేవాడు ముందనుకుంటే ఆరోవాడే గుమ్మంలోంచి వెనక్కి తిరుగుతాడు, క్షణం తర్వాత కుర్చీ ఖాళీ అవుతుంది. ఏడోవాడికి కుర్చీ దొరుకుతుంది. ఒక పరుగులో కత్తిరింపుకి వాడిన 5715 రెండో పరుగులో రాకకి వాడాల్సి వచ్చింది. అందుకే ఎనిమిదోవాడు ఒక లెక్కలో 152కి వస్తే ఇంకో లెక్కలో 151కి వచ్చాడు. తర్వాత రెండు పరుగులూ సమంగా అంకెలు తినేశాయి కాబట్టి ఆ ఒక్క నిమిషం తేడా కొంతసేపు అలాగే కొనసాగింది. పదమూడోవాడు లేచేదీ పద్నాలుగోవాడు వచ్చేదీ మళ్ళీ ఒకే క్షణం, ఒక లెక్కలో 266, ఇంకో లెక్కలో 265. అక్కడినుంచి దారులు వేరయ్యాయి.

నిజం చెప్పాలంటే ఇంకా పెద్ద గందరగోళం వస్తుందని ఆశపడ్డాను. 480 నిమిషాల్లో మొత్తం మీద పోగొట్టుకున్న కస్టమర్లు లేచేవాడు ముందైతే 6, వచ్చేవాడు ముందైతే 8, అంతే. అమ్మకి చెబితే, "ఇద్దరే తేడా అంటావేంట్రా, ఆ ఆరోవాడు పెరిగిన జుట్టుతో ఇంటికెళ్ళాడు కదా" అంది.

జీపీఎస్‌ఎస్‌లో దీనికి ఒక ఏర్పాటు ఉంది. ప్రతి కస్టమర్‌కీ ప్రాధాన్యం అంకె ఇవ్వొచ్చు. ఒకే క్షణానికి ఇద్దరు కదలాల్సి వస్తే పెద్ద ప్రాధాన్యం ఉన్నవాడు ముందు కదులుతాడు. ప్రాధాన్యం కూడా సమానమైతే లోపలి జాబితాలో ముందున్నవాడు. మోడల్ రాసినవాడు ఏమీ చెప్పకపోతే ఆ జాబితా వరసే తీర్పు చెబుతుంది. పేపర్లో బ్లాకుల బొమ్మ ఉంటుంది, ఫలితాల పట్టిక ఉంటుంది. ఈ జాబితా వరస గురించి మాత్రం వాక్యం కనిపించదు. ఆ రోజుల్లో అందరూ అదే యంత్రం మీద అదే భాష వాడేవాళ్ళు కాబట్టి చెప్పాల్సిన పనీ పడలేదేమో.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. ప్రాజెక్టు బంద్. పాప చింతపిక్కలకి పేర్లు పెట్టింది.

అక్టోబరు 25, శనివారం

అమెరికా వదిలి ఇంగ్లండ్ వెళ్ళాను, కాగితాల మీద. షెఫీల్డ్‌లో యునైటెడ్ స్టీల్ కంపెనీస్ అనే ఉక్కు సంస్థ. అక్కడ కె.డి. టోచర్ అనే ఆయన 1950ల చివరికల్లా జీఎస్‌పీ అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. ఒక కార్ఖానాకే అని కాకుండా ఏ కార్ఖానాకైనా పనికొచ్చేలా రాసిన మొట్టమొదటి సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌గా దాన్ని చెప్పుకుంటారు. సిమ్యులేషన్ మీద ఆయన పుస్తకం 1963లో వచ్చింది.

టోచర్ చూపు గోర్డన్ చూపుకి తిరగేసినట్టుంటుంది. గోర్డన్ కస్టమర్ వెంట నడుస్తాడు: వచ్చాడు, ఆగాడు, కూర్చున్నాడు, వెళ్ళాడు. టోచర్‌కి అందరూ యంత్రాలే. ప్రతి యంత్రం ఏదో పనిలో ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. గడియారాన్ని మూడు అడుగుల్లో నడుపుతాడు. ఒకటి, తర్వాతి సంఘటన ఏ క్షణానికుందో ఆ క్షణానికి దూకు. రెండు, ఆ క్షణానికి తప్పనిసరిగా జరగాల్సినవన్నీ జరిపించెయ్: పూర్తయినవి పూర్తి చెయ్, వచ్చినవాళ్ళని గుమ్మంలోకి రానీ. మూడు, అవన్నీ అయ్యాక, ఇప్పుడు ఏ కొత్త పని మొదలుపెట్టడానికి కుదురుతుందో చూడు.

120 దగ్గర దీన్ని పెట్టి చూశాను. రెండో అడుగులో ఐదోవాడు లేస్తాడు, ఆరోవాడు వస్తాడు. ఏది ముందైనా ఒకటే, ఎందుకంటే ఆ అడుగులో ఎవరూ కూర్చోరు, ఎవరూ వెనక్కి తిరగరు. మూడో అడుగులో చూస్తే కుర్చీ ఖాళీ, గుమ్మంలో మనిషి. కూర్చోబెట్టడమే. తగువే పుట్టలేదు.

వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్న అమ్మకి ఇది వివరించాను. ఆవాలు చిటపటలాడుతుంటే సగమే వింటుందనుకున్నా.

"మా కౌంటర్లోనూ అంతేగా. చేతిలో ఉన్న విత్‌డ్రాయల్ ఫారం డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేసి, ఇత్తడి టోకెన్ వెనక్కి తీసుకుని, అప్పుడు తలెత్తి తర్వాతి నంబర్ పిలుస్తాం. మధ్యలో ఎవడైనా వచ్చి కిటికీలో చెయ్యి పెడితే పెట్టనీ. పిలిచేది మాత్రం అప్పుడే."

ఒంగోలు బ్యాంకు కౌంటర్లో అమ్మ ఏళ్ళ తరబడి నడిపింది షెఫీల్డ్ పద్ధతన్నమాట. నాకు నచ్చింది కూడా ఇదే. జీపీఎస్‌ఎస్ రాయడానికి సుఖం, కానీ తగువు తీర్చే పని లోపలెక్కడో దాచేస్తుంది. టోచర్ పద్ధతిలో రాసే పని ఎక్కువ, దాపరికం తక్కువ. కుర్చీలు రెండై, ఒకే కుర్చీ కోసం ఇద్దరు పోటీపడితే మూడో అడుగులోనూ ఎవరిని ముందు చూడాలన్న వరస కావాలి, నిజమే. కానీ ఆ వరస రాసినవాడి కళ్ళముందే ఉంటుంది.

నవంబరు 1, శనివారం

1960ల నాటి ర్యాండమ్ అంకెల దగ్గరికి తిరిగొచ్చాను. ఐబీఎం సిస్టమ్ 360 కంప్యూటర్‌తో పాటు వచ్చిన సైంటిఫిక్ సబ్‌రొటీన్ల (ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్‌ల) మూటలో రాండూ అని ఒకటుండేది. సంఖ్యని 65539తో గుణించు, 2147483648తో భాగిస్తే మిగిలేది కొత్త సంఖ్య. 1తో మొదలుపెడితే 65539, 393225, 1769499 అని వెళ్తుంది. చూడటానికి ఏ లోపమూ లేదు. ఒక్కొక్క అంకెనీ విడిగా పరీక్షిస్తే బాగానే కనిపిస్తుంది.

తంటా మూడింటిని కలిపి చూసినప్పుడు. 65539 అంటే 65536కి 3 ఎక్కువ. ఆ దగ్గరితనం వల్ల ప్రతి మూడో సంఖ్యా ముందు రెండింటికి బానిస: దాని ముందుదానికి ఆరు రెట్లు, అందులోంచి దాని ముందుదానికి తొమ్మిది రెట్లు తీసేస్తే వచ్చేస్తుంది. చేత్తో చూశాను. 65539కి ఆరు రెట్లు 393234, అందులో 9 తీస్తే 393225. అచ్చంగా మూడోది. పెద్ద సంఖ్యలకి ఆ 2147483648 భాగహారం ఒక్కటే అదనం.

మూడేసి అంకెల్ని ఒక పెట్టెలో చుక్కలుగా పెట్టి స్క్రీన్ మీద తిప్పాను. ఎదురుగా చూస్తే ఇసక చల్లినట్టుంది. మెల్లగా తిప్పుతూ ఒక కోణం దగ్గరికి వచ్చేసరికి, ఇసకంతా సర్దుకుని పలచటి పొరలైపోయింది. పదిహేను పొరలు. మధ్యలో అంతా ఖాళీ. పాప నోరు తెరిచింది. అమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుని "మడత కాజా కోస్తే ఉన్నట్టుందిరా" అంది.

ఈ రకం గుణకారపు అంకెలన్నీ ఇలా పొరల్లో పడతాయని జార్జ్ మార్సాలియా 1968లో నిరూపించాడు. మంచివాటిలో పొరలు లెక్కలేనన్ని ఉండి కంటికి ఆనవు, రాండూలో పదిహేనే. ఆ సబ్‌రొటీన్ ఎంతో కాలం ఎన్నో చోట్ల వాడుకలో ఉండిపోయింది. దాంతో నడిపి అచ్చేసిన ఫలితాలు ఇవాళ చదివేవాళ్ళు, ఏ ర్యాండమ్ అంకెల జనరేటర్ వాడారో రాసుంటేనే కదా అనుమానించగలరు? నా ఆఫీసు తలనొప్పి గుర్తొచ్చి కాస్త ఊరట కలిగింది, కాస్త టెన్షనూ వచ్చింది.

దీనికి ఎదురు కొసన రాండ్ కార్పొరేషన్ అనే అమెరికా పరిశోధన సంస్థ వాళ్ళ పని ఉంది. ఎలక్ట్రానిక్ రూలెట్ చక్రం లాంటి యంత్రం పెట్టి, సెకనుకి ఒకటి చొప్పున అంకెలు పుట్టించి, కార్డులకెక్కించారు. 20,000 కార్డులు, కార్డుకి 50 అంకెలు, మొత్తం పది లక్షలు. పరీక్షిస్తే యంత్రానికి కొంచెం పక్షపాతం ఉందని తేలింది. అప్పుడు ప్రతి కార్డునీ దాని ముందు కార్డుతో అంకెకంకె కలిపి, పదులు వదిలేసి మళ్ళీ రాశారు. 1955లో పుస్తకంగా వేశారు. కథ లేదు, పాత్రలు లేవు, పేజీల నిండా అంకెలు. కానీ ఏ పేజీ, ఏ వరస నుంచి మొదలుపెట్టావో చెబితే ఎవరైనా నీ లెక్కని మళ్ళీ చేయొచ్చు.

నవంబరు 8, శనివారం

పైథాన్‌లో చిన్న జీపీఎస్‌ఎస్ రాశాను. ఏడు బ్లాకులు, ఒక గడియారం, రెండు జాబితాలు. నూట నలభై వరసలు పట్టింది. 1946 ఇచ్చి నడిపాను.

మొదటి కస్టమర్ 22. బాగుంది. రెండోవాడు 46.

టేబుల్ మీద 45 కదా?

అమ్మ తప్పా, నేను తప్పా, కంప్యూటరా అని గంటసేపు. చివరికి నాలుగో అంకె పట్టిచ్చింది. 9806కి ప్రోగ్రామ్ 25 నిమిషాలు ఇచ్చింది. 24 దాటకూడదన్నది నేను పెట్టిన హద్దే. దశాంశం కొట్టేయాల్సిన చోట దగ్గరి సంఖ్యకి సవరించమని రాశాను. 12.75ని 12 అనాలి, అది 13 అంది. చిన్న మాట, కానీ ఆ తప్పుతో నడిచిన సెలూన్ కూడా చూడటానికి నిజం సెలూన్‌లాగే ఉంది. తమాషా ఏమిటంటే ఆ తప్పు పరుగులోనూ ఐదోవాడు లేచేది, ఆరోవాడు వచ్చేది ఒకే క్షణం, 122కి.

సరిచేశాక 26 మంది, 42 నిమిషాలు. చింతపిక్కలూ పైథానూ ఒక్కమాట మీదికొచ్చాయి. ఆగే కుర్చీల్లేని సెలూన్ కూడా రెండు రకాలుగా నడిపితే రెండూ చేత్తో చేసిన లెక్కలతో కలిశాయి.

నవంబరు 15, శనివారం

నీడ పడ్డ ఫోటోలు మళ్ళీ తీసుకొచ్చాను. తర్వాతి విడతకి ఓస్లో. నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ సిమ్యులేషన్ కోసం చేసుకున్న సిములా భాష. దాని 1967 రూపంలో వచ్చిన క్లాసులు, ఆబ్జెక్టులే ఇవాళ పిల్లలు జావాలో, పైథాన్‌లో చదువుకునేవాటికి తాతలు. అదే సెలూన్‌ని ఆ చూపులో రాస్తే కుర్చీకి కూడా సొంత జీవితం ఉంటుంది. దానికి కనీసం నెల పడుతుంది.

అమ్మ వచ్చే శనివారం బయల్దేరుతోంది. సూట్‌కేస్ సర్దడం ఆపి నోటుబుక్కు అడిగి తీసుకుంది. 26 వరసలూ వేలు పెట్టి చూసుకుంటూ, ఆగిన నిమిషాలు కూడింది. ఎడమ పక్కన ఎర్ర పెన్నుతో టిక్కులు. 120 దగ్గర ఆగి, పక్కన "లేచేవాడు ముందు" అని రాసి, కింద బ్యాంకులో పెట్టినట్టే పొట్టి సంతకం, తేదీ పెట్టింది.

లైబ్రరీ వాళ్ళయితే పెన్ను పట్టుకున్నందుకే బయటికి పంపేవాళ్ళు.

చింతపిక్కల్లో రెండు కనిపించట్లేదు. పాప సోఫా కింద వెతుకుతోంది.